కంట్రోలర్ తెర మీద డ్రోన్

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీల్లో జనం మేడల మీద చిక్కుకుపోయారు. పడవ వెళ్లలేని సందుల్లోకి ఆహారం, మంచినీళ్లు డ్రోన్లతో పంపించారు. అవే రోజుల్లో అదే ఊరి మీద హెలికాప్టర్లు కూడా ఆహార పొట్లాలు జారవిడిచాయి. ఆకలితో ఉన్నవాడికి పొట్లం ఎందులోంచి వచ్చిందన్న పట్టింపు ఉండదు. ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషికి మాత్రం అదే ముఖ్యం. హెలికాప్టర్‌లో పైలట్ ఉంటాడు, రేడియోలో పిలిస్తే పలుకుతాడు. డ్రోన్‌లో ఎవరూ ఉండరు. దాన్ని నడిపే మనిషి ఎక్కడో గట్టు మీద నిలబడి ఉంటాడు. పని మాత్రం రెండూ ఆ కొద్ది వందల అడుగుల ఎత్తులోనే చేయాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. హెలికాప్టర్ 100 నాట్ల వేగంతో, అంటే సెకనుకు సుమారు 51 మీటర్ల చొప్పున వస్తోందనుకుందాం. డ్రోన్ సెకనుకు 15 మీటర్ల వేగంతో దానికి ఎదురు వెళుతోంది. రెండింటి మధ్య దూరం సెకనుకు 66 మీటర్లు తరిగిపోతుంది. కిలోమీటరు ఎడం ఉన్నప్పుడు చేతిలో ఉన్న సమయం 15 సెకన్లు. మీటరు వెడల్పున్న డ్రోన్ అంత దూరం నుంచి కంటి దగ్గర చేసే కోణం మూడున్నర ఆర్క్ మినిట్ల లోపు. ఆరోగ్యమైన కన్ను వేరుచేసి చూడగల కనిష్ఠ కోణం ఒక ఆర్క్ మినిట్. కాబట్టి సూత్రం ప్రకారం డ్రోన్ కనిపించాలి. కానీ కింద మెరుస్తున్న వరద నీరు, మేడలు, కరెంటు తీగలు. వాటి మధ్య ఏ పక్కన ఉందో తెలియని చుక్కను పైలట్ వెతికి పట్టుకోవాలి. సగం దూరం దాటాక గాని కనిపించకపోతే ఇక మిగిలేది ఏడెనిమిది సెకన్లు. చూసింది ఏమిటో పోల్చుకోవడం, ఎటు తప్పుకోవాలో తేల్చుకోవడం, హెలికాప్టర్ ఒరగడం, అన్నీ ఆ వ్యవధిలోనే జరిగిపోవాలి.

ఇలాంటి సందర్భాన్ని వరదలో సాధన చేయలేం. మామూలు రోజుల్లో అయినా మనుషులున్న విమానాన్ని డ్రోన్‌కు ఎదురు పంపి ఏం జరుగుతుందో చూద్దామని ఎవరూ అనలేరు. అందుకే విమానయాన పరిశోధకులు ముందుగా ఒక కృత్రిమ ఆకాశాన్ని కట్టుకుంటారు. దాన్నే సిమ్యులేషన్ అంటున్నాం. డ్రోన్ ఎగరగలదని మనకు ఎప్పుడో తెలుసు, అందుకోసం ఇంత శ్రమ అక్కర్లేదు. ఇక్కడ పరీక్షకు నిలబెట్టేది పాత వ్యవస్థను. విమానాలకూ వాటి పైలట్లకూ అలవాటుపడిన ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ పనిలో డ్రోన్ ఎన్ని సెకన్లు మింగుతుంది? ఆ సెకన్లు ఎవరి వాటాలోంచి పోతాయి?

ఈ ప్రశ్నను అందరికంటే ఓపికగా తవ్వినవారిలో నాసా పరిశోధకులు ముందుంటారు. వర్జీనియాలోని లాంగ్లీ కేంద్రంలో వాళ్లు చేసిన ప్రయోగాల తీరు చూస్తే సిమ్యులేషన్ అంటే ఏమిటో బాగా తెలుస్తుంది. ఇందులో మనిషి బొమ్మ కాదు, నిజమైన కంట్రోలర్. అతని ముందు నిజమైన రాడార్ తెర లాంటి తెర. దాని మీద కదిలే విమానాలు మాత్రం కంప్యూటర్ పుట్టించినవి. పక్క గదిలో సూడో పైలట్లు కూర్చుంటారు. కంట్రోలర్ ‘ఎడమకు తిరిగి ఫలానా దిశ పట్టు’ అంటే సూడో పైలట్ ఆ ఆదేశాన్ని తిరిగి చదివి వినిపిస్తాడు, అదే సమయంలో కీబోర్డు మీద కొడతాడు. తెర మీద విమానం తిరుగుతుంది. ఒక్కొక్కరు ఒకేసారి చాలా విమానాలకు గొంతునిస్తారు. మన దేశంలో కంట్రోలర్ల శిక్షణ కూడా ఇలాంటి ఏర్పాటుతోనే సాగుతుంది. ఇప్పుడు ఆ విమానాల గుంపులోకి ఒక పెద్ద డ్రోన్‌ను వదులుతారు. చేతిలో పట్టే నాలుగు రెక్కల పరికరం కాదిది. విమానాల ఎత్తులోనే, విమానాల దారుల్లోనే తిరిగే రకం.

అక్కడ వాళ్లు కొలిచిన వాటిలో ఒకటి మాట ఆలస్యం. మామూలు విమానంలో కంట్రోలర్ మాట పైలట్ చెవికి తక్షణం చేరుతుంది. పెద్ద డ్రోన్ విషయంలో కంట్రోలర్ గొంతు రేడియోలో డ్రోన్‌కు చేరుతుంది, అక్కడి నుంచి ఉపగ్రహానికి, ఉపగ్రహం నుంచి ఎక్కడో నేల మీద కూర్చున్న పైలట్‌కు వెళుతుంది. జవాబూ అదే దారిలో వెనక్కి రావాలి. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడికి వెళ్లి కిందికి దిగడానికి కాంతి వేగంతో పోయే సంకేతానికైనా పావు సెకను పడుతుంది. రానూపోనూ కలిపి అర సెకను. పరికరాలు సంకేతాన్ని విప్పి, మళ్లీ మూటకట్టే సమయం దీనికి అదనం. లాంగ్లీ పరిశోధకులు అసలు ఆలస్యమే లేని స్థితి నుంచి 1.8 సెకన్ల ఆలస్యం దాకా పెంచుతూ కంట్రోలర్లను గమనించారు.

రెండు సెకన్లే కదా అనిపించవచ్చు. రద్దీ వేళ ఒక ఫ్రీక్వెన్సీ మీద వినండి, అప్పుడు తెలుస్తుంది. కంట్రోలర్ ఆదేశం ఇచ్చాడు. జవాబు లేదు. వినిపించలేదేమో అనుకుని మళ్లీ మీట నొక్కాడు. సరిగ్గా అప్పుడే డ్రోన్ పైలట్ జవాబు దిగింది. విమానాల రేడియోలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ చెడతాయి, కీచుమనే రొద ఒక్కటే మిగులుతుంది. ఇక అందరూ మళ్లీ చెప్పాలి. ఈలోగా నిశ్శబ్దంగా ఉందనుకుని మూడో విమానం పైలట్ కూడా మాట్లాడబోతాడు, ఎందుకంటే ఉపగ్రహం మీద ప్రయాణిస్తున్న జవాబు అతనికి ఇంకా వినపడలేదు. అంటే డ్రోన్ తెచ్చిన ఆలస్యం డ్రోన్‌తో ఆగదు. ఆ ఫ్రీక్వెన్సీ మీద ఉన్న ప్రతి విమానమూ దానికి మూల్యం చెల్లిస్తుంది.

రెండో కొలత మరింత ఆసక్తికరం. ఎదురుగా వచ్చే విమానం నుంచి డ్రోన్ ఎంత ఎడంగా తప్పుకోవాలి? ఎంత ఎక్కువైతే అంత మంచిదని సామాన్య బుద్ధి చెబుతుంది. కంట్రోలర్లు అలా అనలేదు. అర నాటికల్ మైలు ఎడం వాళ్లకు మరీ దగ్గర అనిపించింది, గుండె ఝల్లుమంది. ఒకటి నుంచి ఒకటిన్నర నాటికల్ మైళ్లు, అంటే సుమారు రెండు నుంచి మూడు కిలోమీటర్లు, సమ్మతంగా అనిపించింది. అంతకు మించి డ్రోన్ వంకర తిరిగితే విసుగు మొదలైంది. ఆ తిరిగే దారిలో మరో విమానం ఉండవచ్చు, దాన్ని కదిలిస్తే ఇంకొకటి కదలాలి. అతిజాగ్రత్త కూడా భారమేనని లెక్కలతో చెప్పగలిగింది ఈ ప్రయోగం. కాగితం మీద నియమాలు రాసేవాడికి ఈ సంగతి ఎన్నటికీ తట్టదు.

భారాన్ని కొలవడం ఎలా? నాసాలోనే ఏమ్స్ కేంద్రంలో శాండ్రా హార్ట్ బృందం 1980లలో రూపొందించిన టీఎల్‌ఎక్స్ అనే ప్రశ్నావళి ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది. మానసిక శ్రమ, తొందర, చిరాకు వంటి ఆరు అంశాల మీద పని చేసినవాడే మార్కులు వేస్తాడు. ఇంకో పద్ధతిలో కొన్ని నిమిషాలకోసారి గంట మోగుతుంది. కంట్రోలర్ ఆ క్షణాన తన భారం ఎంతో ఒక అంకె మీట నొక్కి చెప్పాలి. మీట నొక్కడానికి పట్టిన సమయాన్నీ పరిశోధకులు రాసుకుంటారు. ఊపిరాడని పనిలో ఉన్నవాడు ఆలస్యంగా నొక్కుతాడు. ఒక్కోసారి నొక్కడమే మరిచిపోతాడు. ఆ ఖాళీ గడి వాళ్లకు ఏ అంకె కన్నా ఎక్కువ చెబుతుంది.

ఇక్కడ ఒక చట్టం చిక్కు కూడా ఉంది. తన చుట్టూ చూసుకుంటూ ఇతర విమానాలకు తగిలే ప్రమాదం లేనంత దూరంగా ఉండటం పైలట్ బాధ్యత అని విమానయాన నియమాలు చెబుతాయి. డ్రోన్‌కు కళ్లు లేవు. కాబట్టి ‘దూరంగా’ అన్న మాటకు యంత్రానికి అర్థమయ్యే అంకెలు కావలసి వచ్చాయి. ఎన్నో సిమ్యులేషన్ల తర్వాత అమెరికాలో పెద్ద డ్రోన్లకు తేల్చిన అంకెలు ఇవి: అడ్డంగా 4,000 అడుగులు, నిలువుగా 450 అడుగులు, కాలంలో 35 సెకన్లు. ఎదుటి విమానం ఈ హద్దులోకి వచ్చేలా ఉంటే డ్రోన్‌లోని పరికరం ముందే పైలట్‌ను హెచ్చరించాలి. ఆ హెచ్చరిక ఎలా ఉండాలన్నదీ సిమ్యులేషన్‌లోనే తేలింది. ‘అక్కడ విమానం ఉంది’ అని చుక్క చూపించే తెర కన్నా, ఏ దిశలు ప్రమాదమో, ఏవి క్షేమమో రంగు పట్టీలతో చూపించే తెర ముందు పైలట్లు త్వరగా కదిలారు. ఆ పరికరాలను అమర్చిన నాసా పెద్ద డ్రోన్ ‘ఇఖానా’ 2018 జూన్ 12న, కాపలాగా పక్కన మరో విమానం లేకుండా, కాలిఫోర్నియా గగనతలంలో ఎగిరింది. దాని వెనక ఏళ్ల తరబడి గదుల్లో జరిగిన రిహార్సల్ ఉంది.

సంబంధం తెగిపోతే? ఇది డ్రోన్లకు మాత్రమే ఉన్న రోగం. నేల మీది పైలట్‌కూ డ్రోన్‌కూ మధ్య లంకె తెగితే డ్రోన్ ముందే నేర్పిన పద్ధతి ప్రకారం నడుచుకుంటుంది. కొంతసేపు చక్కర్లు కొట్టవచ్చు, బయల్దేరిన చోటికి తిరిగి పోవచ్చు. తెర మీద 7400 అనే కోడ్ వెలుగుతుంది. రేడియో పాడైన విమానానికి 7600, ఆపదలో ఉన్నదానికి 7700 ఉన్నట్టే, లంకె తెగిన డ్రోన్‌కు ఇది గుర్తు. ఆ క్షణంలో కంట్రోలర్ ఆ డ్రోన్‌తో చేయగలిగింది ఏమీ లేదు. మిగతా అందరినీ దాని దారిలోంచి తప్పించాలి. అది ఏం చేయబోతుందో అతనికి ముందే తెలిసి ఉంటే ఒక రకం, తెలియకపోతే మరో రకం. నా ఉద్దేశంలో ప్రతి దేశమూ సిమ్యులేషన్‌లో మొట్టమొదట ఆడి చూడాల్సిన ఘట్టం ఇదే.

యంత్రం ఒకటి చెప్పి, మనిషి ఇంకొకటి చెబితే ఏమవుతుందో 2002 జులై 1 రాత్రి స్విట్జర్లాండ్ సరిహద్దుకు దగ్గర, జర్మనీలోని ఉబెర్లింగెన్ మీద ప్రపంచం చూసింది. రష్యన్ ప్రయాణికుల విమానాన్ని అందులోని టీక్యాస్ అనే ఢీకొనకుండా కాచే పరికరం పైకి లేవమంది. కంట్రోలర్ కిందికి దిగమన్నాడు. పైలట్లు కంట్రోలర్ మాట విన్నారు. ఎదురుగా వస్తున్న సరకు విమానం తన టీక్యాస్ మాట విని కిందికి దిగింది. 71 మంది పోయారు, వారిలో చాలామంది పిల్లలు. ఆ రాత్రి కంట్రోలర్ ఒక్కడే రెండు తెరలు చూసుకుంటున్నాడు. ఇప్పుడు డ్రోన్ల కోసం రూపొందించిన ఏక్యాస్ ఎక్స్‌యూ వంటి వ్యవస్థలు తామే దిశ మార్చుకోగలవు. అలాంటప్పుడు ఎవరి మాట చెల్లాలి, ఆ సంగతి కంట్రోలర్‌కు ఎప్పుడు తెలియాలి అనే ప్రశ్నలకు జవాబు శవాల మధ్య వెతుక్కోకూడదు. తెర మీదే తేల్చుకోవాలి.

అయితే మనుషులను కూర్చోబెట్టి చేసే సిమ్యులేషన్ నిజమైన గడియారంతో పాటే నడుస్తుంది. గంట ట్రాఫిక్‌కు గంట పడుతుంది. ఢీకొనడమన్నది ఎంతో అరుదైన ఘటన. కొన్ని పదుల గంటల్లో అది ఎదురుపడదు, ఎదురుపడలేదు కాబట్టి క్షేమమని అనుకోవడానికీ లేదు. దీనికి వేరే దారి ఉంది. మసాచుసెట్స్‌లోని లింకన్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు అమెరికా రాడార్లలో నమోదైన నిజమైన విమాన గమనాలను సేకరించి, విమానాలు ఏ ఎత్తులో ఎలా తిరుగుతాయో, ఎంత తరచుగా దిశ మారుస్తాయో చెప్పే సంభావ్యతా నమూనాలు కట్టారు. వాటి నుంచి కంప్యూటర్ లక్షల కొద్దీ ఎదురుపాట్లను పుట్టిస్తుంది. అడ్డంగా 500 అడుగుల లోపు, నిలువుగా 100 అడుగుల లోపు వచ్చిన ప్రతి జతనూ ‘తప్పిన ప్రమాదం’గా లెక్కిస్తుంది. తప్పుకునే పరికరం ఉన్నప్పుడు ఎన్ని, లేనప్పుడు ఎన్ని అని చూసి ఆ నిష్పత్తితో పరికరానికి విలువ కడతారు. ఇందులో గొంతులు లేవు, కంట్రోలర్ చెమటలు లేవు. కానీ మనుషులు వందేళ్లు కూర్చున్నా చూడలేని అరుదైన సందర్భాలు ఇందులో వరుసగా కళ్ల ముందుకొస్తాయి.

గడియారం కన్నా వేగంగా నడిచే ఇలాంటి సిమ్యులేషన్ ఒకటి పాత నమ్మకాన్ని తలకిందులు చేసింది. 2013లో మొదలైన యూరప్ ‘మెట్రోపొలిస్’ పథకంలో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంతో పాటు జర్మనీ, ఫ్రాన్స్ సంస్థలు పనిచేశాయి. భవిష్యత్తులో ప్యారిస్ లాంటి నగరం మీద సొంత విమానాలు, పార్శిల్ డ్రోన్లు వేల సంఖ్యలో తిరిగితే ఆకాశాన్ని ఎలా అమర్చాలన్నది ప్రశ్న. నాలుగు అమరికలు పరీక్షించారు. ఎవరికి నచ్చిన దారిలో వాళ్లు పోవడం ఒకటి. దిశను బట్టి ఎత్తును కేటాయించే పొరలు రెండోది. మూడోది రోడ్ల లాంటి మండలాలు. నాలుగోది ముందే కాలం, దారి కేటాయించిన గొట్టాలు. క్రమశిక్షణ ఎక్కువగా ఉన్న గొట్టాలే క్షేమమని ఎవరైనా అనుకుంటారు. మొత్తం మీద మెరుగ్గా నిలిచింది పొరల అమరిక. గొట్టాలు విమానాలను కొద్ది దారుల్లోకి నెట్టి, ఆకాశమంతా ఖాళీగా ఉండగా ఆ దారులనే ఇరుకు చేశాయి.

పొరలు ఎందుకు నెగ్గాయో కాగితం మీద లెక్క వేసుకోవచ్చు. విమానాలు ఎంత తరచుగా ఒకదాని దారికి ఒకటి అడ్డొస్తాయన్నది వాటి సాపేక్ష వేగం మీద ఆధారపడుతుంది. అందరి వేగమూ సమానమై, దిశలు చెల్లాచెదురుగా ఉంటే సగటు సాపేక్ష వేగం ఒక్కో విమానం వేగానికి 1.27 రెట్లు. ఒక పొరలో 45 డిగ్రీల లోపు దిశలనే అనుమతిస్తే అది 0.26 రెట్లకు పడిపోతుంది, దాదాపు ఐదో వంతుకు. జాతీయ రహదారి మీద ఒకే వైపు పోయే లారీలు పక్కపక్కన ఉన్నా డ్రైవర్లు నిదానంగా ఉండటానికి కారణం ఇదే. పెద్ద విమానాలకు తూర్పు వైపు ఒక ఎత్తు, పడమర వైపు మరో ఎత్తు ఇచ్చే నియమం ఎప్పటి నుంచో ఉంది. డ్రోన్ల ఆకాశానికి దాన్ని ఇంకా సన్నని పొరలుగా చీల్చారు, అంతే.

కింది ఎత్తుల్లో తిరిగే చిన్న డ్రోన్ల కథ వేరు. వేల డ్రోన్లతో కంట్రోలర్ మాట్లాడలేడు, మాట్లాడాలనుకోవడమే తప్పు. నాసా ఏమ్స్ కేంద్రంలో పరిమల్ కోపర్డేకర్ నాయకత్వంలో రూపుదిద్దుకున్న యూటీఎం (డ్రోన్ల ట్రాఫిక్ నిర్వహణ) ఆలోచనకు ఇదే మూలం. డ్రోన్ నడిపే సంస్థలు తమ ప్రయాణ పరిధిని, సమయాన్ని ముందుగా కంప్యూటర్ల ద్వారా ఒకదానికొకటి చెప్పుకుంటాయి, ఘర్షణ ఉంటే అక్కడే సర్దుకుంటాయి. కంట్రోలర్‌కు అవసరమైన కబురే చేరుతుంది. దీన్ని నాలుగు మెట్లలో పరీక్షించారు. మొదటిది 2015లో కాలిఫోర్నియా పొలాల పక్కన, జనం లేని చోట. చివరిది 2019లో నెవాడాలోని రీనో, టెక్సాస్‌లోని కార్పస్ క్రిస్టీ నగరాల మీద. ఈ పరీక్షల్లో ఒక ఉపాయం ముచ్చటైనది: కొన్ని నిజమైన డ్రోన్లు, కొన్ని కంప్యూటర్ పుట్టించినవి ఒకే వ్యవస్థలో కలిపి ఎగరేయవచ్చు. గాలిలో ఉన్న డ్రోన్ తన ఎదురుగా నిజానికి లేని డ్రోన్‌ను తప్పించుకుంటుంది. ఎవరికీ అపాయం లేదు, కానీ గాలి నిజం, బ్యాటరీ నిజం, రేడియో తడబాటు నిజం.

మన దేశంలో 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాలు ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విడదీశాయి. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల దాకా, విమానాశ్రయం సరిహద్దు నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. అదే ఏడాది అక్టోబరులో యూటీఎం విధాన పత్రం కూడా వచ్చింది. అంతకు ముందు నెలలోనే, సెప్టెంబరు 11న, వికారాబాద్‌లో ‘మెడిసిన్ ఫ్రమ్ ద స్కై’ కింద మందులు, టీకాలు మోసే డ్రోన్లు నడిపే మనిషి చూపు దాటి ఎగిరాయి. ఇవన్నీ మంచి అడుగులే. కానీ మండలాల పటం ఒక నిశ్చల చిత్రం. హైదరాబాద్ చుట్టూ చూడండి. శంషాబాద్‌లో పెద్ద విమానాలు, బేగంపేటలో చిన్నవి, దుండిగల్, హకీంపేటల్లో వైమానిక దళ శిక్షణ విమానాలు. నాలుగు ఎయిర్‌ఫీల్డులు, వేర్వేరు కంట్రోలర్లు, ఒకే గాలి. ఈ నగరం మీద ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి రక్తం మోసే డ్రోన్ లంకె తెగితే ఏ కంట్రోలర్‌కు ఏ సెకనులో ఏం తెలియాలన్నది పటం చెప్పదు. ఆ ఘట్టాన్ని ఆడి చూడాలి.

చోటు కూడా మనకు ఉంది. బేగంపేటలోని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరిశోధన సంస్థ కేంద్రాన్ని 2024 మార్చిలో ప్రధాని ప్రారంభించారు. శంషాబాద్, విజయవాడ, విశాఖ కంట్రోలర్లను, డ్రోన్ పైలట్లను, విపత్తుల్లో పనిచేసే హెలికాప్టర్ పైలట్లను అక్కడ ఒకే సిమ్యులేషన్‌లో కూర్చోబెట్టి బుడమేరు వరద రోజును మళ్లీ ఆడించాలని నా కోరిక. పరీక్ష ఫలితాలను, ముఖ్యంగా చెడ్డ ఫలితాలను, బయటపెట్టాలి. సిమ్యులేషన్ గదిలో కూర్చున్న కంట్రోలర్‌కు ఎవరూ చనిపోరని తెలుసు, ఏదో చిక్కు వస్తుందని ముందే ఎదురుచూస్తూ ఉంటాడు. అందువల్ల అక్కడ బాగా జరిగినదంతా బయట బాగా జరుగుతుందని చెప్పలేం. అక్కడే చెడిపోయింది మాత్రం బయట తప్పక చెడుతుంది. నమూనాలో లేని గాలి, నియమం ఎరగని ఆటబొమ్మ డ్రోన్, తన ఉనికిని రాడార్‌కు తెలిపే ట్రాన్స్‌పాండర్ లేని చిన్న విమానం, ఇవి కంప్యూటర్‌లో మనం పెడితే గాని ఉండవు. అందుకే ఘట్టాలు రాసేవాళ్లలో ఇంజినీర్లతో పాటు ఈ ఊళ్ల ఆకాశం తెలిసినవాళ్లూ ఉండాలి.

ఇంజినీరింగ్ చదివే పాఠకులకు ఒక మాట. డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో యాకో హుక్స్ట్రా, యోస్ట్ ఎల్లర్‌బ్రుక్ రూపొందించిన ‘బ్లూస్కై’ అనే సిమ్యులేటర్ ఉచితం. పైథాన్‌లో రాశారు, దాని కోడ్ ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. ఒక విమానాన్ని పుట్టించడానికి ఒక్క వరుస ఆదేశం చాలు: పేరు, రకం, అక్షాంశం, రేఖాంశం, దిశ, ఎత్తు, వేగం. మామూలు ల్యాప్‌టాప్‌లో శంషాబాద్ అక్షాంశం 17.24, రేఖాంశం 78.43 దగ్గర దిగే విమానాలను పెట్టండి. కింద మీ ఊరి ఆసుపత్రుల మధ్య డ్రోన్లను పెట్టండి. ఒక డ్రోన్ లంకె తెంచి చూడండి. అది ఎక్కడికి పోతుందో, ఎవరి దారిలోకి ఎన్ని సెకన్లలో వస్తుందో రాసుకోండి, మీ కళాశాలలో నలుగురికీ చూపించండి.